ఎత్తకూడని ఫోన్

ప్రేమకథ కాబట్టి మొదట్లోనే వాన పడాలి. కానీ ఇది కందులు ఇంటికొచ్చే పుష్యమాసం. వికారాబాద్‌లో వాన లేదు, ఎముకలు కొరికే చలి మాత్రం ఉంది. ఆ చలిలో చెమటలు పట్టేంత కోపంతో సంజన ఒక మేడ మెట్లెక్కింది. తలుపు తోసి, లోపల చాయ్ తాగుతున్న కుర్రాడి ముందు తన ఫోన్ పెట్టింది.

"నా నంబర్‌ను స్పామ్ అన్నది ఎవరు?"

కుర్రాడి పేరు మల్లికార్జున్. ఒక మొబైల్ నెట్‌వర్క్‌కు పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు అది. లోన్ ఇస్తామని, లాటరీ తగిలిందని జనాన్ని సతాయించే నంబర్లను మెషీన్ లెర్నింగ్‌తో పట్టుకునే మోడల్ అతను తయారుచేసిందే. అది అనుమానించిన నంబర్ నుంచి ఫోన్ వస్తే అవతలివాళ్ళ తెర మీద ఎర్రగా 'స్పామ్' అని పడుతుంది. ఆ మోడల్ అంటే అతనికి సొంత బిడ్డంత ముద్దు.

"నేను కాదు మేడం, మా మోడల్."

"అయితే మోడల్‌ను పిలువుండ్రి. మాట్లాడాలె."

అతను నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. ఆమె కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది. ఇక తప్పదని అతను కంప్యూటర్ తెరిచాడు.

"రోజూ పొద్దున్నే వందలమందికి ఫోన్ చేస్తున్నరు. ఒక్క రింగ్, కట్. ఒక్కరన్నా ఎత్తలే. ఇది స్పామ్ కాకపోతే ఏంది?"

"ఎత్తితేనే తప్పు. మా రైతులు ఎవరూ ఎత్తరు."

"ఎత్తనోళ్ళకు ఫోన్ ఎందుకు చేస్తరు?"

"మీకు కందులు తెలుసా సార్?"

"పప్పు తెలుసు."

"గంతే తెలిసి మా నంబర్ మీద రాతలు రాస్తున్నరా?"

అప్పుడు చెప్పింది. తాండూరులో వాళ్ళ నాన్న సూర్యప్రకాశ్‌ది కందుల అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన కందులు అమ్మిపెట్టడం వాళ్ళ పని. ధర బాగున్న రోజు ఒక్క మిస్డ్ కాల్, కందులు తెమ్మని. ధర పడితే రెండు, ఆగమని. బ్యాలెన్స్ చూసి చూసి మాట్లాడే కాలంలో పుట్టిన పద్ధతి అది. ఫోన్ ఎత్తితే సేటుకు పైసలు పోతాయని రైతులు ఎత్తేవాళ్ళు కాదు. ఇప్పుడు పైసలు పోవు, అయినా ఆ మర్యాద పోలేదు.

"ఈ కాపుకు మొదటిసారి దుకాణం నా చేతికిచ్చిండు మా డాడీ. రైతులు రాకపోతే మా మేనబావ మనీష్ వచ్చి కూసుంటడు. నన్ను పెళ్ళి చేసి పంపిస్తరు. దొంగ నంబర్ అని పడితే ఎవరు వస్తరు చెప్పుండ్రి?"

మల్లికార్జున్‌కు ఈసారి నవ్వు రాలేదు. ఇంత సూటిగా చూసే కళ్ళను అతను ఇంతకుముందు చూడలేదు. చూసి ఉంటే ఏనాడో మారిపోయేవాడు.

"మీ ఒక్క నంబర్ తీసేస్తే వారంల మళ్ళ పట్టుకుంటది. మోడల్‌కే నేర్పియ్యాలె. మీ దుకాణం జర చూడొచ్చా?"

"రేపు పొద్దుగాల రండి. రైతులు ఎట్లాగూ లేరు, కుర్చీలు ఖాళీనే."

మర్నాడు రైలు దిగి వెళ్ళేసరికి దుకాణం నిజంగానే బోసిపోయి ఉంది. కాంటా మీద పిచ్చుక వాలింది. సూర్యప్రకాశ్ కళ్ళజోడు సర్దుకుని అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"మనల్ని దొంగల్ని చేసింది ఈ పిలగాడేనా?"

జవాబు వెతుక్కుంటుండగా మల్లికార్జున్ ఫోన్ మోగింది. కొడంగల్ దగ్గరి ఊరి నుంచి నాన్న బిచ్చయ్య. గొర్లు కాస్తూ కందులు పండించే మనిషి, ఫోన్లో కూడా పొలంలో ఉన్నంత గట్టిగా మాట్లాడతాడు. వద్దన్నా అందరికీ వినబడింది.

"కొడుకా, తాండూరు సేటు ఫోన్ మీద ఎర్రగ ఏందో వడుతుంది. దొంగ ఫోన్ అంట, పక్కింటి పిల్ల సదివి చెప్పింది. కందులు ఇంట్లనే వెట్టుకొని కూసున్న. జర నువ్వు సూడరాదు."

"అది... మా మోడలే రాసింది నాయినా. నేను చేసిందే."

అవతల బిచ్చయ్య గొంతు ఇంకా పెరిగింది.

"నువ్వా? ఆ సేటు బిడ్డ నీకేం జేసిందిరా?"

సంజన చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు. చిన్నప్పటి నుంచి హాస్టళ్ళలో పెరిగిన మల్లికార్జున్‌కు తమ కందులు ఏ దుకాణానికి వెళ్తాయో ఆ రోజే తెలిసింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎర్ర చెవులు సంజనకు నచ్చాయి, కానీ చెప్పలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున రైలు పట్టుకున్నాడు. మోడల్‌కు దొంగలు తెలుసు, దొరలు తెలీదు. అందుకని మంచి మిస్డ్ కాల్స్ ఎవరెవరివో కూడా చూపించి నేర్పాలి. సంజన అతన్ని ఊరంతా తిప్పింది. బండలు పాలిష్ చేసే యూనిట్ ఓనర్, లోడు తయారైందని ఆటోవాళ్ళకు ఒక రింగ్ ఇస్తాడట. పాలమ్మే మొగులమ్మ గేటు దగ్గరికి వచ్చానని ఒక రింగ్ ఇస్తుందట.

"ఊరందరూ స్పామేనా మీ లెక్కన?" అంది సంజన.

"అదే పరేషాన్. దొంగలు కూడ గిట్లనే ఒక్క రింగ్ ఇస్తరు. తేడా ఎక్కడుందో దొరుకుతలేదు."

"మేం చేసినయే చూస్తున్నరు మీరు. సాయంత్రాలు రైతులు మాకు చేసేటివి చూసిండ్రా? పెండ్లి ఉందని చేస్తరు, ఎద్దుకు బాగలేదని చేస్తరు. అవి మేం ఎత్తుతం."

అతను తల పట్టుకున్నాడు. దొంగ రోజూ కొత్త నంబర్లు వెతుక్కుంటాడు, వాడికి తిరిగి ఫోన్ చేసి ఎద్దు సంగతి ఎవరూ చెప్పరు. ఈ దుకాణం ఏళ్ళుగా అవే మనుషులకు చేస్తోంది, ఆ మనుషులు తిరిగి చేస్తున్నారు. రాకపోకలు రెండూ చూడమని మోడల్‌కు నేర్పాడు. వారం తిరక్కుండా ఎర్ర అక్షరాలు పోయాయి.

అయినా మర్నాడు మళ్ళీ రైలు దిగాడు.

"ఇంకేంది?" అంది సంజన.

"ఇంకో టెస్ట్ ఉంది."

"మోడల్‌కా, నాకా?"

"నాకే."

సంజన వినబడనట్టు ఫోన్ తీసి వరసగా రింగులు ఇవ్వసాగింది. ధర బాగుంది, కానీ పోయిన నమ్మకం ఒక్క రింగుతో తిరిగి వస్తుందా? ఇద్దరూ గుమ్మంలో నిలబడి రోడ్డు చూశారు. చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత ఒక ఆటో ఆగింది, దాని వెనక ట్రాక్టర్, ఇంకో ఆటో. సంజన కళ్ళు తుడుచుకుని కాంటా దగ్గరికి పరిగెత్తింది. మధ్యాహ్నానికి బస్తాల మధ్య కాలు పెట్టే సందు లేదు. సూర్యప్రకాశ్ మేనల్లుడికి ఫోన్ చేసి, "నువ్వు రాకురా మనీష్, ఇక్కడ మా బిడ్డ ఉంది," అన్నాడు.

ఆ సందడిలోనే మల్లికార్జున్ ఆమె పక్కకు చేరాడు.

"మీరంటే నాకు ఇష్టం. మొదటి రోజు నుంచే."

సంజన కాంటా మీది నుంచి కళ్ళు తిప్పలేదు.

"నాకూ ఇష్టమే. కానీ వచ్చిన సంబంధాలన్నీ దుకాణం ఇడిచిపెట్టి రమ్మన్నయ్. నేను ఇడవను."

"ఇడవమంటలేను. నేనే వస్త. కంప్యూటర్‌కు వికారాబాద్ అయితేంది, తాండూరు అయితేంది?"

అప్పుడు తిప్పింది కళ్ళు. తన కందులతో వచ్చి వెనక బస్తా దించుతున్న బిచ్చయ్య ఆగిపోయాడు. గల్లా దగ్గర కూర్చున్న సూర్యప్రకాశ్ చేతిలో కందులు చూస్తూ ఉండిపోయాడు. గొర్ల కాపరుల ఇల్లు, వ్యాపారుల ఇల్లు. ఆయన ఏం అంటాడోనని ముగ్గురూ అటు తిరిగారు.

"ఇంట్ల మీ అమ్మ కౌసల్య కొన్ని దినాలు నాతోని మాట్లాడది," అన్నాడు చివరికి. "ఆ కోపం నేను పడతా తియ్యి."

ఆ దుకాణంలో గల్లా వెనక్కి ఇంటివాళ్ళు తప్ప ఎవరూ వెళ్ళరు. సూర్యప్రకాశ్ లేచి పక్కకు జరిగాడు.

"గిరాకీ లెక్క అక్కడ నిలబడ్డవేంది? ఇటొచ్చి కూసో. బిడ్డ కాంటా చూసుకుంటది."

"సేటూ, ముందు నా కందులు కాంటా మీద పెట్టి జోకుండ్రి," అన్నాడు బిచ్చయ్య, తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటూ.

మల్లికార్జున్ చెప్పులు విప్పి గల్లా వెనక్కి వెళ్ళాడు.