అడుగున వేసిన ముడి

"సంతకాలు సరిగ్గా పన్నెండుకి," అన్నాడు చీఫ్. "ఏడు దేశాల ఒప్పందం. ఈ మాంద్యంలో ఎవరూ కార్మికుల్ని తీసెయ్యకూడదు. పని గంటలు తగ్గించి అందరికీ పంచాలి. ఒక్క దేశం జారుకుంటే మిగతావీ జారుకుంటాయి. మూతపడే ఫ్యాక్టరీలు చవగ్గా కొట్టెయ్యాలని ఓ విదేశీ ముఠా కాచుక్కూచుంది."

"నా వేషం?"

"ఫైళ్ళు కుట్టే అటెండర్. లోపల మన దుభాషి ఉంటుంది. ప్రమాదమైతే 'పాలు పొంగాయి' అను. మైకూ స్పీకరూ నీ జడపిన్నులోనే ఉన్నాయి."

ఏజెంట్ పిచ్చుక తలూపింది. భర్త పనిచేసే నూలుమిల్లులో తీసేసేవాళ్ళ లిస్టు కూడా ఇవాళే. ఆ సంగతి చీఫ్‌కి చెప్పలేదు. చెప్పి ఏం లాభం?

పదకొండింటికి ఒప్పందం ప్రతిని దబ్బనంతో తనే కుట్టింది. మనసంతా ఆ లిస్టుమీదే. ఆ కంగారులో, పాపాయి గౌనుకి వేసినట్టు, ఒంటికి గుచ్చుకోకుండా ముడి అడుగున వేసేసింది. ఆఫీసు ఫైలుకి ముడి పైన ఉండాలి. విప్పే టైం లేదు. పట్టు స్కార్ఫు, సెంటు గుబాళింపుతో దుభాషి వచ్చి ఫైలు అందుకుంది.

"ఏంటమ్మాయ్, అలా చెమటలు కక్కుతున్నావ్?" అని నవ్వింది.

పదకొండూ యాభై ఎనిమిది. మంచినీళ్ళ ట్రేతో మంత్రి వెనక నిలబడ్డ పిచ్చుక బల్లకేసి వంగి చూసింది. బల్లమీది ఫైలుకి ముడి పైనుంది!

ఫైలు మారింది. మార్చింది మన మనిషే.

"పాలు పొంగాయి," గొణిగింది. జవాబు లేదు. మళ్ళీ అంది. పిన్నులో గుయ్యిమన్న చప్పుడే. మంత్రి పెన్ను మూత తీశాడు.

ట్రే మొత్తం ఫైలుమీద బోర్లించింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" మంత్రి అరిచాడు.

"అసలు ఫైలు ఈ దుభాషి బ్యాగులో ఉందయ్యా! ముడి అడుగునుంటుంది, చూడండి!"

తలుపువైపు కదిలిన దుభాషిని గార్డులు ఆపారు. బ్యాగులోంచి అసలుది బయటపడింది. తడిసినదాంట్లో ఒక్క లైను ఎక్కువ: 'ఈ దేశానికి మినహాయింపు.'

"ఎందుకు చేశావ్?" అంది పిచ్చుక.

"వచ్చే నెల నా ఉద్యోగమూ పోతోందమ్మాయ్. అది పోకుండా ఎవరు అడ్డుపడ్డారు? ముఠా అయితే డబ్బిచ్చింది."

పిచ్చుక వంగి ట్రే తీసుకుంది.

పన్నెండుకి సంతకాలు పడ్డాయి. అమలు రేపట్నుంచి.

కారిడార్లో ఫోన్ మోగింది. "లిస్టు పెట్టేశారే," అన్నాడు భర్త. "మూడో పేరు నాదే. పాలడబ్బా ఎక్కడ పెట్టావ్? పాప గుక్కపెట్టి ఏడుస్తోంది."

"పై అరలో. ఒక్కరోజు... రేపటిదాకా ఆగమనండి."

"ఎవర్నే, పాపనా, మిల్లునా?"

వెనక నుంచి చీఫ్ భుజం తట్టాడు. "శభాష్! ఏడు దేశాల ఉద్యోగాలు నిలబెట్టావ్. ఏం కావాలో కోరుకో."

"ఇకమీదట ఎంత దూరమైనా డ్యూటీ వెయ్యండి సార్," అంది పిచ్చుక. "పిల్లని చూసుకోడానికి మా ఆయన ఖాళీగానే ఉంటాడు."