కారు మారిస్తే అయ్యే ఖర్చు

సాయిదుర్గతో నా మొదటి మాటే బేరం.

నాది కడియంలో నర్సరీ. మొక్కకీ, కుండీకీ, లారీ కిరాయికీ లెక్క వేసుకోనిదే నోరు తెరవను. పాత చిన్న కారు అమ్మేసి, రామచంద్రపురం బ్రోకరు గణేష్‌బాబు దగ్గర చవగ్గా దొరికిన పెద్ద సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. పాత కారు పాలసీకి ఇంకా సగం కాలం మిగిలే ఉంది. దాన్ని కొత్త బండి మీదికి మార్పించుకుందామని ఆ ఊళ్ళోనే ఇన్సూరెన్స్ ఆఫీసుకి వెళ్తే, బల్ల అవతల ఆమె కూర్చుని ఉంది.

మిగిలిన నెలలకి ప్రీమియం తేడా కట్టాలంది. మార్పు రుసుము వేరే అంది. అన్నిటికంటే ముందు బండిని తను చూసి, బాగుందని సంతకం పెట్టాలంది.

"అదే మనిషిని, అదే పాలసీ. బండి ఒక్కటే కదండీ మారింది," అన్నాను.

"కుండీలో మల్లె తీసి మామిడంటు పెడితే, మల్లె రేటుకే ఇస్తారాండి అప్పాజీ గారూ?"

నా వ్యాపారంలోంచే నాకు జవాబు చెప్పిన మనిషిని అంతవరకూ చూడలేదు. తల వంచుకుని నవ్వు దాచుకుంటోంది. అడిగినంత కట్టడానికి ఒప్పుకున్నాను. ఎందుకో అది నష్టంగా తోచలేదు.

బయట సన్నగా వాన. ఆమె డిక్కీ ఎత్తించి, స్టెప్నీ కింద ఫోన్ లైటు వేసి, ఇంత మట్టేంటని అడిగింది. కడియంలో ఏ కారు డిక్కీ ఎత్తినా మట్టే ఉంటుంది. కొన్నప్పటి నుంచీ మొక్కలు మోస్తున్నానని చెప్పాను గాని, వంగి చూడలేదు. ఎడమ సీటు తడిగా ఉందంది. నీళ్ళు పోసిన కుండీలు పెడతామన్నాను. ఆ సీటులో ఎవరూ లేకపోయినా బెల్టు పెట్టుకోమని బండి కీచుమంటుంది. సెన్సర్ మార్పించే ఖర్చెందుకని ఖాళీ సీటుకే బెల్టు తగిలించి తిరుగుతున్నానని గొప్పగా చెప్పాను.

ఆమె నవ్వలేదు. "ఎవరికి తగిలించారు మరి?"

సంతకం రేపు చూద్దామంది. పాత కారు చేతిలో లేదు, ఈ కారుకి బీమా లేదు. ఆమె కాదంటే పెట్టిన సొమ్మంతా వాకిట్లో నిలబడిపోతుంది.

ఆమె ఇల్లు ద్రాక్షారామం. ఆఫీసు మూసే వేళకి బస్సు రాలేదు. దింపుతానన్నాను.

"ఈ బండి మీద నేనింకా సంతకం పెట్టలేదండి."

"అందుకే నెమ్మదిగా నడుపుతాను."

ఆమె ఎక్కి బెల్టు పెట్టుకుంది. కాలవ గట్టు రోడ్డెక్కాక బండి కీచుమనడం మొదలుపెట్టింది. ఆమె బెల్టు లాగి చూసుకుంది. సరిగ్గానే ఉంది. కీచు ఆగలేదు. పెట్టుకోవలసినవాళ్ళు ఇంకొకరున్నట్టు.

వంతెన మధ్యకి వచ్చేసరికి ఆమె గొంతు మారింది. "అప్పాజీ గారూ, బెల్టు బిగుస్తోందండి."

బండి ఆపాను. ఎర్ర మీట ఎంత నొక్కినా ఊడలేదు. బెల్టు ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా ఇంకొంచెం లోపలికి జరుగుతోంది. అద్దాలు లోపలినుంచి మసకబారాయి. కాళ్ళ కింద నీళ్ళున్నాయంది. వంగి తడిమాను. నా వైపు మ్యాట్ పొడిగా ఉంది, ఆమె వైపుదీ పొడిగానే ఉంది. కాని ఆమె చుడీదారు మోకాళ్ళ దాకా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కళ్ళ ముందే ఆ తడి పైకి పాకుతోంది.

నర్సరీవాళ్ళ జేబులో అంటుకత్తి ఎప్పుడూ ఉంటుంది. ఒక్క కోత. ఆమెను నా వైపు నుంచే వానలోకి లాగేశాను.

చాలాసేపు వంతెన గోడకి ఆనుకుని దగ్గింది. తరవాత నా చేతిలో కత్తి వైపు చూసింది. "బెల్టు కోసిన బండికి ఎవరూ సంతకం పెట్టరండి. తెలుసా?"

"తట్టలేదండి."

ఆమె నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

అప్పుడు డిక్కీ తీసి ఆ మట్టి వేళ్ళతో నలిపాను. మా కుండీల్లో వేసేది ఎర్రమట్టి, పశువుల ఎరువు. ఇది నల్లగా, జిగురుగా, సన్నటి నత్త గుల్లలతో ఉంది. కాలవ ఒండ్రు. రోజూ మట్టితో బతికేవాణ్ణి, కారులో మట్టి ఉండడం మామూలేనని ఒక్కసారైనా ముట్టుకోలేదు.

గణేష్‌బాబుకి అక్కడినుంచే ఫోన్ చేశాను. కాసేపు దబాయించి, తరవాత చెప్పాడు. ఆ వంతెన దగ్గరే బండి కాలవలో పడిందట. కొత్త దంపతులు. అతను బయటపడ్డాడు. ఎడమ సీటులో ఆ అమ్మాయి బెల్టు ఊడలేదు. పేరు వీరవేణి. బెల్టు మార్పించి ఇంకో ఊరివాడికి అంటగడదాం, మీ సొమ్ము మీకు పూర్తిగా వస్తుందన్నాడు. తుక్కుకైతే సగం కూడా రాదన్నాడు.

సాయిదుర్గ పక్కనే వింటోంది. ఆమె వినకపోయినా అదే చెప్పేవాణ్ణనుకుంటాను. "తుక్కుకే. నా కళ్ళముందు కొయ్యాలి."

కోయించాను. పాలసీ రద్దయింది. ఇన్నేళ్ళూ క్లెయిమ్ చేయనందుకు వచ్చిన బోనస్ మాత్రం ఇంకో బండికి పనికొస్తుందని సాయిదుర్గ కాగితం ఇప్పించింది. అది చేతికిస్తూ, మా అమ్మ మిమ్మల్ని చూడాలంటోందండి అని కిటికీ వైపు తిరిగి చెప్పింది.

వారం పోయాక బస్సులో ద్రాక్షారామం వెళ్ళాను. వాళ్ళమ్మ ఉషారాణి గారు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. నాకు తెలిసిన పద్ధతిలోనే చెప్పుకున్నాను. నర్సరీ ఉంది, అప్పు లేదు, కారు లేదు, మీ అమ్మాయంటే ఇష్టం.

"కారు సంగతి తరవాత బాబూ. ఆ రోజు బండి నీళ్ళలోకి దిగలేదని చెప్పింది. నిజమేనా?"

"నిజమేనండి. వంతెన మీదే ఉన్నాం."

ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళారు. దండెం మీద సాయిదుర్గ చుడీదారు ఎండలో వేలాడుతోంది. అంచున పచ్చటి నాచు.

"ఆ రోజు నుంచీ ఉతుకుతున్నాను. ఆరడం లేదు," అన్నారావిడ నెమ్మదిగా. నా భుజం మీద చెయ్యి వేశారు. "అంత లోతు నుంచి దాన్ని వెనక్కి తెచ్చావు. ఇక మీదట కూడా నీ దగ్గరే ఉండనీ బాబూ."

వంటింటి గుమ్మంలో సాయిదుర్గ గాజులు గలగలమన్నాయి. చుడీదారు అంచు నుంచి ఒక చుక్క మా కాళ్ళ దగ్గర పడింది.