కుడిచెంప మాత్రమే

"మా పిన్ని మొహం కాల్చేశాను మేడం," అంది డాక్టరమ్మ, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే. "నా చెయ్యే తప్పిందో, ఎవరైనా కావాలని చేయించారో తెలియట్లేదు. రేపు సాయంత్రం నాలుగింటిలోగా మీరు తేల్చి చెప్పాలి."

బల్లకి అవతలున్న మేడంని ఊరంతా భూతద్దం మేడం అంటుంది గానీ, ఆవిడ దగ్గర భూతద్దం ఏనాడూ లేదు. ఇన్సూరెన్సు కంపెనీలో ఇరవై ఏళ్లు దొంగ క్లెయిములు పట్టుకుని, విసుగెత్తి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అసిస్టెంటు ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపినవాడు. చేతిచేతికీ ఫోన్లొచ్చాక స్టూడియో మూతపడింది, ఆ పేరు మాత్రం అతనికి అంటుకుపోయింది. మేడం తుమ్మినా స్టూడియో నోటుబుక్కులో రాసుకుంటాడని జనం నవ్వుతారు. నవ్వనీ, ఆవిడ తుమ్ములో కూడా ఏదో ఒక ఆధారం ఉంటుందని అతని గట్టి నమ్మకం.

"నాలుగింటికి ఏమవుతుంది?" అంది మేడం.

"కంపెనీ వ్యాన్ వస్తుంది. లేజర్ మెషిన్ వెనక్కి పంపేస్తున్నా. గురువారం క్లినిక్ తెరవాల్సింది, ఇక తెరవను. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియకుండా ఇంకొకళ్ల మొహం మీద చెయ్యి వెయ్యలేను మేడం. నా వల్ల కాదు."

విషయం ఇదీ. ఊరు కొత్త బైపాస్ రోడ్డు వెంబడి పెరుగుతోంది. పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం మానుకుని, పుట్టిపెరిగిన ఊళ్లోనే చర్మ సౌందర్యం క్లినిక్ పెట్టాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. తెరిచేముందు పరీక్షగా మొదటి కుర్చీలో కూర్చుంది పిన్ని. తల్లి పోయాక డాక్టరమ్మని పెంచింది ఆవిడే. చెంపల మీద, చెవుల ముందర నూగు వెంట్రుకలకి లేజర్. రెండు చెంపలకీ ఒకే మెషిన్, ఒకే చెయ్యి. సాయంత్రానికి కుడిచెంప బొబ్బలెక్కింది. ఎడమచెంప మీద ఈగ వాలినంత మచ్చ కూడా లేదు. కబురు వీధులు దాటింది, పేర్లు రాయించుకున్నవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు.

"పదండి," అంది మేడం చెప్పులు వెతుక్కుంటూ.

క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది. కింద బ్యూటీ పార్లర్. పైన గోడలకి రంగు వాసన ఇంకా పోలేదు, కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన సిస్టర్ తలుపు తీసింది.

"నంబర్లు పెట్టింది నేనే మేడం. కానీ డాక్టర్ గారు చూసి సరే అన్నాకే మొదలుపెట్టాం. ముందురోజు నా మొహం మీద కూడా చేయించుకున్నా. చూడండి, ఏమీ కాలేదు."

"నంబర్లు మెషిన్‌లో మిగిలి ఉంటాయా?"

ఉన్నాయి. రెండు చెంపలకీ ఒకే అంకెలు. కంపెనీ ఇంజనీరు నిన్ననే వచ్చి, మెషిన్‌లో ఏ లోపమూ లేదని రాసిచ్చి వెళ్లాడు.

మేడం ఫైలు తెరిచింది. ప్రతి మనిషికీ పద్నాలుగు ప్రశ్నల ఫారం ఒకటి. సిస్టర్ ఫారం కొట్టివేతలతో, పక్కన రాసుకున్న మాటలతో కిటకిటలాడుతోంది. పిన్ని ఫారం మీద పద్నాలుగు టిక్కులు పైనుంచి కిందికి చీమల బారులా దిగాయి. మేడం దాన్ని ఒక్క క్షణం ఎక్కువసేపు పట్టుకుని పక్కన పెట్టింది.

"ఫోటోలు?"

లేజర్ చేసేముందు తీసినవి మూడు: ఎడమ, ఎదురు, కుడి. స్టూడియో అడక్కుండానే ముందుకు వంగాడు. ఇది తన ఇలాకా.

"కుడివైపు ఫోటో కాస్త ముదురుగా ఉంది మేడం. లైటు తేడా అనుకుందామంటే, వెనక గోడ రెండింట్లోనూ అదే తెలుపు. గోడ మారకుండా మనిషి ఒక్కరే ఎలా మారారో!"

"పిన్నికి మంగు మచ్చలున్నాయి," అంది డాక్టరమ్మ. "అదే అనుకున్నా. పదిరోజుల ముందు చెవి వెనక చిన్న చోట లేజర్ వేసి చూశాను కూడా. ఏమీ కాలేదు."

బొబ్బలు లేచాక తీసిన ఫోటో మీద మేడం పెన్సిల్ మొన ఆనించింది. కంటి కొస నుంచి చెవి పైదాకా సన్నటి గీత, దాని మీద బొబ్బ లేదు. పైన కాలింది, కింద కాలింది, గీత మాత్రం భద్రంగా ఉంది.

"ఇక్కడ వదిలేశావా అమ్మా?"

"లేదు మేడం. వరసగా చేసుకుంటూ వెళ్లాను. అదే నాకూ అంతుపట్టడం లేదు."

స్టూడియో రాసుకున్నాడు: *గీత.* కింద రెండు గీతలు కొట్టుకున్నాడు గానీ ఎందుకో అతనికే తెలియదు.

కింద పార్లరమ్మ కత్తెర ఆడిస్తూనే జవాబులు చెప్పింది. అవును, పైగది తాళంచెవి తన దగ్గర ఒకటుంది. లేదు, పైకి వెళ్లలేదు. డాక్టరమ్మ వస్తే తన బేరాలు పోతాయని భయపడిందా? "భయపడకుండా ఎలా ఉంటానండీ? మీరైతే పడరా? అలాగని అక్క మొహం కాలుస్తానా? పదేళ్లుగా నా చేత్తో ఆవిడ జుట్టు కత్తిరిస్తున్నా!"

"పక్షం రోజులుగా పొద్దున్న పదినుంచి పదకొండు దాకా పార్లర్ మూస్తున్నారట?"

కత్తెర ఆగింది. "సామాన్లు తెచ్చుకోవాలి కదండీ," అంది పార్లరమ్మ, అద్దంలోకి చూస్తూ.

బయట పార్లరమ్మ పాత కారు నిలబెట్టి ఉంది. వెనకద్దం మీద ఏదో నలుచదరపు స్టిక్కరు పీకేసిన జిగురు మరక. మేడం దాన్ని వేలితో తడిమి చూసింది. స్టూడియోకి మాత్రం పార్లరమ్మే దొంగని తేలిపోయింది. తాళంచెవి ఉంది, భయం ఉంది, అబద్ధం ఉంది. ఇంకేం కావాలి?

మర్నాడు పొద్దున్నే పిన్నిగారింటికి వెళ్లారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుంటూ, కుడిచెంప గోడవైపుకి తిప్పి కూర్చుంది. బాబాయి గదిలో కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఆ సిస్టరే ఏదో తప్పు నొక్కింది. ఆ అమ్మాయిని పంపించేస్తే సరిపోయేదానికి, క్లినిక్కే మూస్తానంటుంది ఈ పిచ్చిపిల్ల!"

"సిస్టర్ని ఏమీ అనకండి," అంది పిన్ని గబుక్కున. "ఎవర్నీ అనకండి. నా చర్మమే అంత. మానిపోతుందిలే."

"ఈ మధ్య బయటికెక్కడికైనా వెళ్లారా?" అడిగింది మేడం.

పిన్ని మొగుడి వంక చూసింది. "నేనెక్కడికి వెళ్తానమ్మా?"

"ఈవిడా? బయటికా?" బాబాయి నవ్వాడు. "రోడ్డు దాటాలంటే నా చొక్కా పట్టుకుంటుంది. మిక్సీ మూత కూడా నేనే తియ్యాలండీ!"

పిన్ని నవ్వలేదు. కుడిచేతి మీదికి కొంగు లాక్కుంది.

"క్లినిక్‌కి వచ్చి ఇంకో ఫోటో తీయించుకుంటారా? నా కార్లో తీసుకెళ్తాను," అంది మేడం. పిన్ని ముందు సీట్లో, స్టూడియో వెనక. బైపాస్ మలుపులో ఒక నీళ్ల ట్యాంకరు ఉన్నట్టుండి ఆగింది. మేడం బ్రేకు తొక్కింది. స్టూడియో పైనున్న పిడి పట్టుకుని వేలాడాడు. పిన్ని దేన్నీ పట్టుకోలేదు. ఆవిడ రెండు కాళ్లూ ఒక్కసారే నేలని అదిమాయి.

మేడం ఆ కాళ్ల వంక చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు స్టూడియోకి బాగా తెలుసు. కేసు అయిపోయిందన్నమాట.

"అందర్నీ మూడింటికి క్లినిక్‌కి రమ్మను," అంది అతనితో.

మూడింటికి ప్లాస్టిక్ కవర్ల మీద ఆరుగురూ సర్దుకుంటుంటే గదంతా చరచరలాడింది. డాక్టరమ్మ గడియారం వంకే చూస్తోంది. సిస్టర్ తలుపు పక్కన నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మెషిన్ బాగుంది. నంబర్లు సరిగ్గా ఉన్నాయి. ఒకే చెయ్యి రెండు చెంపల మీదా ఒకేలా పనిచేసింది," మొదలుపెట్టింది మేడం. "అయినా ఒక చెంపే కాలింది. మరి తేడా దేంట్లో ఉండాలి?"

మేడం కుడివైపు ఫోటో ఎత్తి చూపించింది.

"చెంపలో ఉండాలి. నిన్న మా స్టూడియో చెప్పాడు, గోడ మారలేదు, మనిషి మారారని. నాకు దారి చూపించిన మాట అదే."

స్టూడియో ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"డాక్టరమ్మా, ఎండకి నల్లబడిన చర్మం మీద ఈ లేజర్ వేస్తే ఏమవుతుంది?"

"కాలుతుంది," అంది డాక్టరమ్మ వెంటనే. "వెలుతురుని ఆ నలుపు పీల్చుకుంటుంది. అందుకే ముందు రెండువారాలు ఎండలోకి వెళ్లొద్దంటాం. కానీ మా పిన్ని..."

"ఒకవైపే ఎండ తగిలింది. అదీ కళ్లజోడు పెట్టుకుని ఉండగా. కళ్లజోడు కాడ కింద నీడ పడి చర్మం తెల్లగానే ఉండిపోయింది. కాలని గీత అదే. నువ్వు పరీక్ష చేసిన చోటు చెవి వెనక ఉంది, అక్కడికి ఎండ పోదు. సరే, ఒక్క కుడిచెంపకే రోజూ ఎండ తగలాలంటే మనిషి ఎక్కడ కూర్చోవాలి?"

పిన్ని తల దించుకుంది.

"కారులో, స్టీరింగ్ ముందు," అంది మేడం. "కిటికీ పక్కన. బండి ఆగితే మా స్టూడియోలా పిడి పట్టుకునేవాళ్లకి డ్రైవింగ్ రాదు. ఈవిడ బ్రేకూ క్లచ్చూ రెండూ తొక్కారు, అక్కడ అవి లేకపోయినా. పదినుంచి పదకొండు దాకా పార్లర్ మూసి, వెనకద్దానికి ఎర్రటి ఎల్ బోర్డు అంటించి, ఈవిడకి నేర్పుతున్నది ఎవరో నేను చెప్పాలా?"

"అక్క ఒట్టేయించుకుందండీ!" పార్లరమ్మ ఏడుపు గొంతుతో అంది. "ఏసీ పాడైంది, అద్దాలు దించుకునే తిరిగాం. ఎండకీ దీనికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు?"

బాబాయి నోరు తెరిచినవాడు మూయలేదు. "నువ్వు... కారా?"

"అవును, కారే!" పిన్ని తలెత్తింది. కళ్లనిండా నీళ్లున్నా గొంతు గట్టిగానే ఉంది. "మీకు చెప్తే నవ్వుతారు. నవ్వారు కూడా, పొద్దున." డాక్టరమ్మ వైపు తిరిగింది. "నిన్ను స్కూలుకి నడిపించుకుంటూ తీసుకెళ్లేదాన్ని. వానొస్తే ఇద్దరం తడిసి ముద్దయ్యేవాళ్లం. నీ క్లినిక్ మొదటిరోజు నిన్ను నేనే కార్లో దింపాలనుకున్నానే. ముందే చెప్తే సరదా ఏముంటుంది? మొహం కాలింది ఇందుకని నాకూ తట్టలేదు. తట్టుంటే నిన్నింత ఏడిపిస్తానా?"

డాక్టరమ్మ లేచి వెళ్లి పిన్ని ఒళ్లో తల పెట్టుకుని భోరుమంది. ప్లాస్టిక్ కవరు మళ్లీ చరచరలాడింది.

మేడం ఫారం తీసింది. "ఇంకొక్కటి మిగిలింది. ఏడో ప్రశ్న: ఈ రెండువారాల్లో ఎండలోకి వెళ్లారా? ఈ టిక్కులు ఎవరు పెట్టారు?"

"నేనే," అంది డాక్టరమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "సిస్టర్ని ప్రతి ప్రశ్నా అడిగాను. పిన్నినేం అడుగుతాం, నాకు తెలియందేముందని టకటకా పెట్టేశాను. నల్లబడటం కళ్లారా చూసి కూడా మంగు అనుకున్నాను."

"అదీ నీ తప్పు. చిన్నది కాదు, కానీ దిద్దుకోగలిగిందే. నీ చేతిలో ఏ లోపమూ లేదు."

డాక్టరమ్మ సిస్టర్ దగ్గరికి వెళ్లి ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. "నేనూ ఒక పూట నిన్ను అనుమానించాను. మనసులో పెట్టుకోకు." సిస్టర్ అప్పుడు గానీ కూర్చోలేదు.

నాలుగింటికి కింద హారన్ మోగింది. అందరూ డాక్టరమ్మ వైపు చూశారు. ఆవిడ కిటికీ తీసి వ్యాన్ డ్రైవరుతో, "ఏమీ అనుకోకండి, మెషిన్ ఎక్కడికీ రావట్లేదు!" అని అరిచింది.

గురువారం పొద్దున భూతద్దం మేడం, స్టూడియో క్లినిక్ ముందు నిలబడ్డారు. తొమ్మిది కావస్తుండగా పార్లరమ్మ పాత కారు మలుపు తిరిగింది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. పిన్ని తలకీ చెంపలకీ గుడ్డ చుట్టుకుని, చేతులకి పొడుగు తొడుగులు వేసుకుని, కళ్లు మాత్రం కనిపించేలా స్టీరింగ్‌ని కావలించుకుని ఉంది. పక్కన డాక్టరమ్మ. వెనక బాబాయి రెండు చేతులతోనూ పిడి పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఒక్క ముక్క మాట్లాడకుండా కూర్చున్నాడు. బండి రెండుసార్లు ఆగి, మూడోసారికి గుమ్మం ముందుకి వచ్చింది. స్టూడియో పాత కెమెరా తీసి ఫోటో తీశాడు.

పైన డాక్టరమ్మ కొత్త ఫారం తీసుకుని పిన్నిని ఎదురుగా కూర్చోబెట్టింది. మానుతున్న చెంపకి కట్టు మార్చేముందు ఒక్కో ప్రశ్నా గట్టిగా చదివింది. పార్లరమ్మ తన వంతు కోసం బయట బల్ల మీద ఎదురుచూస్తోంది.

"ఏడో ప్రశ్న. ఈ రెండువారాల్లో ఎండలోకి వెళ్లారా?"

"వెళ్లానమ్మా," అంది పిన్ని. "నిన్ను దింపడానికి."

డాక్టరమ్మ ఆ మాటని ఉన్నదున్నట్టు ఫారంలో రాసుకుని, ఎనిమిదో ప్రశ్న అడిగింది.