మోత ఆగిన శనివారం

శనివారం ఉదయం 6:20. చిక్కడపల్లి భజన మందిరం.

సృజన్ ఎడమ చేత్తో గిటార్ తీగలు పట్టుకుని, పాట అందుకోవడానికి మైక్‌కు పెదవులు ఆనించాడు. అంతే, కూలిపోయాడు.

వయసు ఇరవై నాలుగు. అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాడు. 6:50కి ఆస్పత్రిలో ప్రాణం లేదన్నారు.

8:10. ఇన్‌స్పెక్టర్ కమల గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికి వచ్చింది. కోఠిలో ఆంప్లిఫయర్లు బాగుచేసే బుగ్గయ్యను పట్టుకొచ్చిన కానిస్టేబుల్ అతని చెయ్యి వదలడం లేదు. సృజన్ గిటార్ ఆంప్ రిపేర్ చేసింది బుగ్గయ్యే.

"ఎప్పుడిచ్చావు?"

"గురువారం, మేడమ్. వాల్వులు మార్చిన. మీటర్ పెట్టి ఎర్త్ చూసిన. ట్రాన్స్‌ఫార్మర్ పాతది, జర కరెంట్ లీకైతుందని చెప్పిన. ఎగ్జామ్ అయినంక మారుస్తనన్నడు."

"తెలిసీ ఎందుకిచ్చావు?"

"ఎర్త్ ఉంటే లీకైంది భూమిలకు పోతది." తల దించుకున్నాడు. "ఇయ్యకుండ ఆపాల్సుండె."

కమల ఆంప్ ప్లగ్ విప్పించింది. ఆకుపచ్చ ఎర్త్ వైరు పిన్నుకు లేదు. కొస మడిచి, తెల్లదారంతో చుట్టి ముడి వేసి ఉంది.

"వీడు ఎర్త్ కనెక్షనే ఇయ్యలే మేడమ్. స్టేషన్‌కు తీస్కపోదమా?" అన్నాడు కానిస్టేబుల్.

గోడవారన కూర్చున్న మందిరం పెద్ద ఇంద్రసేన చేతిలో జపమాల ఆగిపోయింది.

కమల గాయని తన్మయి వైపు తిరిగింది.

"నిన్న రిహార్సల్ ఎన్నింటికి?"

"సాయంత్రం ఆరింటికండి. గుయ్‌మని ఒకటే మోత. సృజన్ విసుక్కున్నాడు కూడా."

"ఈ రోజు?"

"చప్పుడే లేదు. దేవుడి దయ అనుకున్నాను."

కమల గది చుట్టూ చూసింది. మూలన పాత మైక్ సెట్టు, దాని మీద పూలబుట్ట. బుట్ట భక్తిగా పక్కన పెట్టి, ఆ ప్లగ్ కూడా విప్పించింది.

లోపల అదే దారం. పూలు కట్టే దారం. అదే ముడి.

అందరినీ దగ్గరకు పిలిచింది.

"సృజన్ పాడిన కొత్త మైక్ సెట్టుకు ఎర్త్ ఉంది. ఆంప్‌కూ ఉంటే, రెండూ కలిసినప్పుడు మోత రావచ్చు. నిన్న మోత ఉంది, పొద్దున లేదు. అంటే ఎర్త్ తీసింది రిహార్సల్ తర్వాతే. బుగ్గయ్య గురువారం నుంచి ఇటు రాలేదు. లీకైన కరెంట్‌కు భూమిలోకి దారి లేక గిటార్ తీగల్లో కాచుకుంది. పెదవి మైక్‌కు తగలగానే ఆ పిల్లాడి ఒంట్లోంచి పోయింది. ఇంద్రసేన గారూ, పాత సెట్టు ముడి ఎవరిది?"

"నాదే, బిడ్డ." పెద్దాయన జపమాల ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇయ్యాల తెల్లారి తలుపు తీసినంక ఆంప్ ఎర్త్ వైరు విప్పిన. ముప్పై ఏండ్లు పాతదాన్ని గట్లనే వాడినం, ఎవ్వరికేం కాలె. ఆ మోతల దేవుని పాట ఇనబడలె."

"ఆ మోత మనకేదో చెబుతోందేమో అనిపించలేదా?"

ఉన్నట్టుండి ఆయన ముఖం పాలిపోయింది.

"ఇంట్ల కూలర్‌కు గూడ తీసేసిన. రేడియోల గుర్రుమంటుందని."

"ఇంట్లో ఎవరున్నారు?"

"మనవరాలు. ఒక్కతే."

కానిస్టేబుల్ బుగ్గయ్య చెయ్యి వదిలేశాడు. ఇంద్రసేన ఇంటికి ఫోన్ కలిపాడు. ఆరుసార్లు మోగింది.

"తాతా? ఇప్పుడే స్నానం చేసొచ్చిన. చెప్పు."

ఆయన ఫోన్ చాచాడు. బుగ్గయ్య అందుకున్నాడు.

"బిడ్డ, కూలర్ ముట్టకు. చేతులు తుడుచుకొని, చెప్పులేసుకొని, గోడ మీది స్విచ్ బంద్ చెయ్. నేనొస్తున్న."