మెట్ల పైన చెప్పులు

దశరథ్ ఏదో అనకూడని మాట అన్నాడు. అది ఏ మాటో మాత్రం అతనికి తెలియదు.

పొద్దున బస్సులో కిటికీ సీటు కోసం పోట్లాడిన ఇంద్రజ, మధ్యాహ్నానికి "దశరథ్ గారూ, కాస్త జరగండి" అంటోంది. సుల్తాన్‌పూర్‌లో వాళ్లు పనిచేసే గ్లవ్స్ కంపెనీ, కొత్త మిషన్ పని నేర్చుకురమ్మని ఇద్దరినీ మలేషియా పంపింది. ఇన్నాళ్లూ "నువ్వు" అన్న పిల్ల ఉన్నట్టుండి "గారూ" అనేసరికి దశరథ్ గుండెల్లో రాయి పడింది.

ఆ రోజు సెలవు. పని నేర్పే ఐషా ఇద్దరినీ కొండల నడుమ ఉన్న తన సొంతూరికి తీసుకెళ్లింది. గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇళ్లు, రెండు చివర్లా పైకి లేచిన కప్పులు. మెట్ల దగ్గర నీళ్ల కుండ చూసి, ఇక్కడా కాళ్లు కడుక్కునే ఎక్కాలా అని ఇంద్రజ మురిసిపోయింది. ఐషా అమ్మమ్మ ఇంట్లో ఇంకో అలవాటు ఉంది. చుట్టాల చెప్పులు మెట్ల కింద, ఇంటివాళ్లవి మెట్ల పైన అరలో.

అప్పటిదాకా బాగానే ఉంది. అన్నాలయ్యాక ఐషా చెప్పింది, ఈ ఇల్లు తల్లి నుంచి కూతురికి వస్తుందని, పెళ్లయ్యాక అల్లుడే ఇక్కడికి వచ్చి ఉంటాడని.

"అంటే అందరూ ఇల్లరికమేనా? మా కాజీపల్లిల గట్ల పోతే దోస్తులు పడి పడి నవ్వుతరు" అన్నాడు దశరథ్, ఇంద్రజ వైపు తిరిగి.

ఇంద్రజ నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి అమ్మమ్మ పక్కన కొబ్బరి తురుముతూ కూర్చుంది.

వాన మొదలైంది. వసారా అంచున కూర్చుని, మెట్ల కింద తడుస్తున్న తన చెప్పులను చూస్తూ దశరథ్ పరేషాన్ అయిపోయాడు. అన్నం మళ్లీ మళ్లీ పెట్టించుకున్నందుకా? ఇంద్రజ కళ్లు మూసుకున్నప్పుడు ఫోటో తీసినందుకా? చివరికి ఫోటోకే సారీ చెప్పాడు. పర్లేదండీ అంది. ఆ "అండీ" ఇంకా ఘోరంగా ఉంది.

సుల్తాన్‌పూర్‌కు తిరిగొచ్చాక కూడా అంతే. ఆమె క్యాంటీన్‌కు రావడం మానేసింది. ఒకరోజు షిఫ్టు దిగాక, కంపెనీ బస్సు దగ్గర వానలోనే నిలదీశాడు.

"నేనేం జేసిన? తిట్టు, గానీ గారూ అనకు."

ఇంద్రజ గొడుగు కాస్త పైకెత్తింది.

"మా అమ్మానాన్నలకి నేనొక్కదాన్నే. చేసుకునేవాడు మా ఇంట్లోనే ఉండాలని షరతు పెట్టింది నేనే. ఆదివారం ఒకాయన చూడ్డానికి వస్తున్నాడు. ఆ షరతుకి ఒప్పుకున్నాడట. నీ దోస్తులు నవ్వుతారు కదా, నువ్వెందుకులే."

ఆమె ఎక్కగానే బస్సు వెళ్లిపోయింది. నువ్వెందుకులే అంటే తన పేరు ఆమె మనసులో ఉన్నట్టా, కొట్టేసినట్టా? ఇంటికెళ్లి తల్లి మొగులమ్మతో అంతా చెప్పుకున్నాడు.

"నువ్వు ఆడ ఉంటె ఏమాయె, నీ తమ్ముడు నా కాడనే ఉన్నడు గద. ఆ పిల్ల ఊరు పోతిరెడ్డిపల్లికి బస్సులు బంద్ అయినయా ఏంది? పోయి అడుగు" అంది ఆమె, చాటలో బియ్యం చెరుగుతూ.

శనివారం సాయంత్రం పోతిరెడ్డిపల్లిలో ఇంద్రజ ఇంటి గేటు దగ్గర చెప్పులు విడిచి, కుళాయి కింద కాళ్లు కడుక్కున్నాడు. ఆమె తల్లి కమలాకుమారి తలుపు తీసి, ఎవరు బాబూ అని అడిగింది.

"ఇంద్రజతోని పనిజేస్తనమ్మా. రేపు వచ్చేటాయన కంటె ముందే అడుగుదామని వచ్చిన. దోస్తులు నవ్వితె నవ్వనీ. మీరు ఒప్పుకుంటె నేను ఈ ఇంట్లనే ఉంట."

కమలాకుమారి వెనక్కి తిరిగి, అప్పుడే గుమ్మంలోకి వచ్చిన కూతురి మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనిపించిందో, రేపు వచ్చేవాళ్లకు రావద్దని చెప్పాలంటూ ఫోన్ వెతుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

ఇంద్రజ అతని వైపు చూడకుండా గేటు దాకా నడిచింది. వెళ్లిపొమ్మంటుందేమో అని దశరథ్ మళ్లీ కంగారుపడ్డాడు. ఆమె అతని చెప్పులు పట్టుకొచ్చి, గుమ్మం పక్క స్టాండులో తన చెప్పుల పక్కన పెట్టింది.

"తడికాళ్లతో ఎంతసేపు నిలబడతావ్? లోపలికి రా" అంది.