తడిసిన తాడు

జెబెల్ అలీ అవతల ఖర్జూరపు తోటలకు నీళ్ళిచ్చే చెరువు అది. చెరువంటే మన ఊళ్ళలో చెరువు కాదులెండి. ఇసుకలో పెద్ద గొయ్యి తవ్వి, నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచి నీళ్ళు నింపారు. ఆ పట్టా మీద కాలు పెడితే జర్రున జారడమే! పొరపాటున పడినవాడు పట్టుకుని పైకి రావడానికి గట్టున గుంజకి ఒక తాడు కట్టి ఉంచారు.

కొన్నాళ్ళుగా ఆ తాడు తెల్లారేసరికి తడిసి ఉంటోంది.

"ఎవడో ఈతకి దిగుతున్నాడు. మళ్ళీ తాడు తడిసిందంటే, పంపు చూసే మీ ఇద్దరి వీసా ఖలాస్" అనేశాడు ముదీర్, అదే, తోట మేనేజరు.

ఇద్దరంటే నెల్లూరు జానీ బాషా, కడప లాల్ అహ్మద్. తను దిగలేదని జానీ బాషాకి తెలుసు. అంటే లాల్ అహ్మదే! ఒకే గదిలో పడుకుంటూ, ఒకే గిన్నెలో తింటూ తన పొట్ట కొడతాడా? మొన్న వాడి ఎడమ బూటు లేసు తెగితే పచ్చ వైరు ముక్క కట్టిచ్చింది తనే కదా! జానీ బాషాకి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే దట్టమైన పొగమంచు. పాచి నీళ్ళ వాసన. జానీ బాషా పనివాళ్ళ బస్సు కంటే ముందే వచ్చి గట్టున నక్కాడు. నీళ్ళలో తపక్... తపక్... చప్పుడు. చడీచప్పుడు లేకుండా తాడు పైకి లాగేసుకున్నాడు. ముదీర్ వచ్చేదాకా అక్కడే ఉండు నాయనా!

"అన్నా... తాడెయ్యన్నా... జారతాండా..."

లాల్ అహ్మద్ గొంతే. ఆ గొంతులో భయం వినేసరికి జానీ బాషా కోపం ఎటు పోయిందో! తాడు విసరబోయాడు.

భుజం మీద చెయ్యి పడింది.

"వద్దన్నా" అని గుసగుసలాడాడు లాల్ అహ్మద్. వాడి ఒంటి మీద చుక్క తడి లేదు. "అది నేను కాదు."

 వీడు ఇక్కడుంటే... నీళ్ళలో ఎవరు?

"అన్నా... మునిగిపోతాండా..."

"వెయ్యొద్దన్నా."

తాడు చేతిలోనే ఉండిపోయింది. నీళ్ళు ఒక్కసారి గుబగుబమన్నాయి. తర్వాత ఏమీ లేదు.

"ఖలాస్" అన్నాడు పక్కనున్నవాడు.

ఎండ పొడ తగిలి మంచు వీడింది. గుంజ పక్కన ఎవరో విడిచిన బూట్ల జత. ఎడమదానికి పచ్చ వైరు.

జానీ బాషా తల తిప్పబోయి ఆగాడు. పక్కవాడి మొహం చూసే ధైర్యం లేక, కాళ్ళ వంక చూశాడు.

అవే బూట్లు. ఎడమదానికి పచ్చ వైరు... ముడి కూడా తను వేసిందే.

"పదన్నా, బస్సొచ్చింది" అన్నాడు వాడు.