ఎదురింటి వెనక గది

మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. ఐదో తరగతి పిల్లలంతా బడి వరండాలో పళ్లేలు పెట్టుకుని కూర్చున్నారు. నవత పక్కన నిహారిక కూర్చుంది. నిహారిక వాళ్లు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చి నెల కూడా కాలేదు. కాలనీలో నవత వాళ్ల ఎదురిల్లు కొనుక్కున్నారు.

"మా ఇంట్ల వెనక గది మస్తు పెద్దగుంటది. నేను, మా అవ్వ అండ్లనే పంటం," అంది నిహారిక.

పిల్లలంతా నిహారిక మాటలే వింటున్నారు. తను కూడా ఏదైనా చెప్పాలనిపించింది నవతకు.

"ఆ గదిలనే మీకంటె ముందున్న భూపాల్ అంకుల్ సచ్చిపోయిండు. ఆ ఇల్లు మంచిది కాదంట. ఇప్పటికే రెండుసార్లు అమ్ముడువోయింది. ఇప్పటికీ ఆయన దగ్గు ఇనిపిస్తదంట," అంది.

ఆ చివరి మాట ఎవరూ చెప్పింది కాదు. అప్పటికప్పుడు నవతే పుట్టించింది.

ఎదురుగా కూర్చున్న వంశీ నోరు తెరుచుకుని చూశాడు. నిహారిక చేతిలోని ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. అందరూ తనవైపే చూస్తుంటే నవతకు గొప్పగా అనిపించింది. సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోయింది.

మూడు వారాల తర్వాత నిహారిక వాళ్ల నానమ్మ గౌరవ్వ చనిపోయింది. ఆమెకు ఎప్పటినుంచో గుండె జబ్బు.

దినాలు అయ్యాక నవత తన తల్లి సాయిలతతో కలిసి ఎదురింటికి వెళ్లింది. నిహారిక బయట మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. లోపల ఆమె తల్లి శ్రీలత, సాయిలతకు చెప్పుకుని ఏడ్చింది. పిల్ల ఉన్నట్టుండి వెనక గదిలోకి పోవడం మానేసిందట. గౌరవ్వ రోజూ పిలిచేదట, పక్కన కూర్చో బిడ్డా అని. నిహారిక గడప దాకా వచ్చి, చూసి, వెళ్లిపోయేదట.

"ఆఖరి దినం గూడ పిలిచింది. పోలే. ఎందుకని అడిగితే చెప్తలేదు," అంది శ్రీలత.

 ఇంటికి వచ్చాక నవత అన్నం ముట్టలేదు. అమ్మ అడిగితే ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది.

సాయిలత కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత ఆ ఇంటి సంగతి చెప్పింది. దాన్ని కట్టించింది ముత్తయ్య. ఆయన బాన్సువాడకు బదిలీ అయి భూపాల్‌కు అమ్మాడు. భూపాల్‌కు అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు నస్రుల్లాబాద్ నుంచి రాలేక, దవాఖానకు దగ్గరని ఆ ఇల్లు కొన్నాడు. ఆయన పోయాక భార్య ఇల్లు అమ్మి సొంతూరికి వెళ్లిపోయింది. గౌరవ్వ కోసం నిహారిక వాళ్లు కొన్నది కూడా అందుకే.

"రోగమున్నోళ్లు దవాఖాన దగ్గర ఇల్లు సూసుకుంటరు బిడ్డా. అండ్ల ఇల్లు జేసిన పాపమేముంది," అంది.

"ఇప్పుడు నేనేం జెయ్యాలె అమ్మా?"

"గౌరవ్వను మనం తేలేం. నువ్వన్నది అబద్ధమని మాత్రం నువ్వే పోయి చెప్పాలె."

మర్నాడు బడి వదిలాక నవత ఎదురింటికి వెళ్లింది. నిహారిక మెట్ల మీదే ఉంది. వంశీ, మరో ఇద్దరు పిల్లలు గేటు దగ్గర సైకిళ్లు ఆపి, ఆ దగ్గు వినిపిస్తుందేమోనని లోపలికి తొంగి చూస్తున్నారు. నవత వాళ్లకు కూడా వినబడేలా చెప్పింది.

"దగ్గు గిగ్గు ఏం లేదు. నేనే కల్పించిన. అందరు నా దిక్కు సూడాలని గట్ల చెప్పిన."

పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటూ వెళ్లిపోయారు. నిహారిక మాత్రం తల ఎత్తలేదు.

"అవ్వ నన్ను రోజు పిలిచింది. నేను పోలే," అంది మెల్లగా.

  నవత చెప్పులు విప్పి, ఆమె పక్కనుంచి లోపలికి నడిచింది. వెనక గదిలో గౌరవ్వ మంచం గోడకు చేర్చి ఉంది. నవత దాని పక్కనే నేల మీద కూర్చుంది.

చాలాసేపటికి గడప దగ్గర అడుగుల చప్పుడైంది. నిహారిక అక్కడే ఆగిపోయింది. నవత పిలవలేదు. కొంచెం పక్కకు జరిగి చోటు ఇచ్చింది.

నిహారిక లోపలికి వచ్చింది. మంచం పట్టె మీద తల ఆనించి ఏడవడం మొదలుపెట్టింది. శ్రీలత వచ్చి లైటు వేసేదాకా నవత అక్కడి నుంచి లేవలేదు.